రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేతివాపు రాకుండా జాగ్రత్తలు

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని శోషరస గ్రంథులను (లింఫ్ నోడ్లను) తీసివేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, ఆ వైపు చేతి నుంచి శోషరసం (లింఫ్ అనే శరీర ద్రవం) వెనక్కి మళ్లే దారులు తగ్గిపోతాయి; అందుకే వాపు కొందరిలో నెలలకు, మరికొందరిలో ఏళ్లకు మొదలవుతుంది. చేయి బరువెక్కడం, గాజులు ఎక్కకపోవడం, ఒకవైపు జాకెట్టు చెయ్యి మాత్రమే బిగుసుకోవడం తొలి సూచనలు. నెలకోసారి రెండు చేతులనూ మణికట్టు వద్ద, మోచేతికి పైనా కిందా టేపుతో కొలిచి రాసుకోండి. రెండు చేతుల కొలతల మధ్య తేడా మునుపటికన్నా పెరుగుతూ 2 సెంటీమీటర్లకు చేరితే, నొప్పి లేకపోయినా వైద్యులకు చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యం చర్మ రక్షణ. కూరగాయలు తరుగుతూ వేలు తెగితే వెంటనే సబ్బునీటితో కడిగి, యాంటీసెప్టిక్ రాసి, కట్టు కట్టండి. తాలింపు నూనె చిట్లితే చల్లని నీటి ధార కింద చాలాసేపు ఉంచండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ మిగిలిన శోషరస నాళాలనూ దెబ్బతీస్తుంది.

ఆ చేతికి అసలు పనే చెప్పకూడదని ఇంట్లోవారు ప్రేమతో అంటారు గానీ, అది మేలు చేయదు. కండరాల కదలికే శోషరసాన్ని పైకి నెడుతుంది కనుక, ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాలను మెల్లగా పెంచుకుంటూ పోవాలి. శరీర బరువు అదుపులో ఉండాలి. ఒత్తిడి కలిగించే బిగుతు తొడుగును నిపుణులు కొలత తీసి సూచిస్తేనే ధరించండి.