బెంగళూరు కర్మాగారాల్లో ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లు: ఫ్రీక్వెన్సీ నియమాలకు లోబడి అమర్చే విధానం

వస్తువులకు అంటించిన ట్యాగులను రేడియో తరంగాలతో చదివే పరికరాలే ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లు. మన దేశంలో పారిశ్రామిక యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ దూరం నుంచి చదివే రకం) ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లను లైసెన్సు తీసుకోకుండా నడపడానికి వీలున్న బ్యాండ్ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు మాత్రమే. 2005లో కేంద్ర ప్రభుత్వం తొలిసారి ఈ మినహాయింపు ఇచ్చినప్పుడు పైహద్దు 867గా ఉండేది, 2021 నిబంధనలతో అది 868కి పెరిగింది. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్, యాంటెన్నా నుంచి బయటికి ప్రసరించే శక్తి 4 వాట్ల ఈఆర్‌పీ, క్యారియర్ (ప్రసార తరంగం) వెడల్పు 200 కిలోహెర్ట్జ్ అనే మూడు పరిమితులను కలిపి పాటించాలి. పీణ్యాలో గోదాము ద్వారానికైనా, బొమ్మసంద్రలో అసెంబ్లీ లైనుకైనా ఇవే వర్తిస్తాయి. కర్ణాటకకు వేరే నియమమంటూ లేదు, ఎందుకంటే రేడియో తరంగాల మీద అధికారం పూర్తిగా కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగానిది.

తక్కువ దూరంలో చదివే 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల గురించి ఇక్కడ పెద్దగా చెప్పవలసింది లేదు. ఆ బ్యాండ్ దాదాపు ప్రపంచమంతటా ఒక్కటే కాబట్టి ప్రాంతాల మధ్య తేడాలతో చిక్కులు తక్కువ. చిక్కంతా యూహెచ్‌ఎఫ్‌లోనే ఉంది.

ప్రాంతాన్ని బట్టి మారే అంకెలు

అమెరికాలో రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమాల ప్రకారం రీడర్లు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య యాభై ఛానెళ్ల మీద గెంతుతూ పనిచేస్తాయి. అక్కడ ట్రాన్స్‌మిటర్‌కు 1 వాట్, యాంటెన్నాకు 6 డీబీఐ గెయిన్ (శక్తిని ఒక దిక్కుకు కేంద్రీకరించే సామర్థ్యం) వరకు అనుమతి ఉంది, గెయిన్ అంతకు మించితే మించినంత మేరకు శక్తిని తగ్గించుకోవాలి. యూరప్‌లో టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ ఇచ్చిన ఈఎన్ 302 208 ప్రమాణం 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 865.7, 866.3, 866.9, 867.5 అనే నాలుగు ఛానెళ్లలో 2 వాట్ల ఈఆర్‌పీ వరకు ఒప్పుకుంటుంది. ఆ నాలుగు ఛానెళ్లలో నాలుగు సెకన్లకు మించి ఏకధాటిగా ప్రసారం చేయకూడదు, మళ్లీ మొదలుపెట్టే ముందు కనీసం 100 మిల్లీసెకన్లు ఆగాలి. కొన్ని యూరప్ దేశాలు 915–921 మెగాహెర్ట్జ్‌లో 4 వాట్ల ఈఆర్‌పీని కూడా అనుమతిస్తున్నాయి. చైనా 920–925 మెగాహెర్ట్జ్‌లో 2 వాట్ల ఈఆర్‌పీని పెట్టుకుంది.

ఇందులో అందరినీ తికమకపెట్టేది ‘4 వాట్లు’ అనే మాట. మనకు చెప్పిన 4 వాట్లు ఈఆర్‌పీ, అంటే డైపోల్ యాంటెన్నాతో పోల్చి లెక్కగట్టినది. అమెరికా లెక్కలో వచ్చే 4 వాట్లు ఈఐఆర్‌పీ, అంటే అన్ని దిక్కులకూ సమంగా ప్రసరించే ఊహాత్మక యాంటెన్నాతో పోల్చినది. ఈ రెండింటి మధ్య తేడా 2.15 డెసిబెల్స్ కాబట్టి మన 4 వాట్ల ఈఆర్‌పీ దాదాపు 6.56 వాట్ల ఈఐఆర్‌పీకి సమానమవుతుంది. బెంగళూరులో పరీక్షించి సరిచేసిన అమరికను యథాతథంగా ఒహాయోకో స్టుట్‌గార్ట్‌కో పంపితే అక్కడి పరిమితిని దాటిపోయే అవకాశం ఉంది. అంకె ఒక్కటే కదా అని ఊరుకోకుండా దాని పక్కన ఏ ప్రమాణం రాసి ఉందో చూడాలి.

రీజియన్ సెట్టింగ్‌ను ఎందుకు మార్చకూడదు

రీడర్ ఏ దేశపు నియమాల ప్రకారం ప్రసారం చేయాలో చెప్పేది రీజియన్ సెట్టింగ్. చదివే దూరం పెరుగుతుందన్న ఆశతో రీడర్‌ను ‘యూఎస్’ లేదా ‘ఓపెన్’ రీజియన్‌లో పెట్టడం ఇక్కడి సైట్లలో కనిపించే అలవాటే. దీనివల్ల జరిగేది ఏమిటో వివరంగా తెలుసుకోవడం మంచిది. మన దేశంలో 890 నుంచి 915 మెగాహెర్ట్జ్ వరకు 900 మెగాహెర్ట్జ్ మొబైల్ సేవల అప్‌లింక్ నడుస్తుంది, అంటే ఫోన్లు టవర్‌తో మాట్లాడే మార్గం అదే. ఎఫ్‌సీసీ పద్ధతిలో గెంతే రీడర్ వాడే యాభై ఛానెళ్లలో సరిగ్గా సగం 915 కంటే కిందే ఉంటాయి. దూరంగా ఉన్న ఫోన్ల నుంచి వచ్చే అతి బలహీన సంకేతాలను వినడానికి టవర్ రిసీవర్ ప్రయత్నిస్తుంటే, పక్క షెడ్డు పైకప్పు కింది నుంచి రీడర్ నిరంతరాయంగా అదే చోట ప్రసారం చేస్తుంటుంది. ఆపరేటర్లు ఇటువంటి అంతరాయాన్ని గుర్తించి ఫిర్యాదు చేస్తే దాని మూలాన్ని వెతకడం వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థ పని, దిశను కనిపెట్టే పరికరాలు వారి దగ్గర ఉంటాయి. ఒక్క మెనూ ఎంపిక వల్ల మొత్తం లైను ఆగిపోయే పరిస్థితి రావడం ఏ మేనేజరుకూ ఇష్టం ఉండదు.

అమెరికా మార్కెట్ కోసమే రీడర్లను రూపొందించే సంస్థలు బెంగళూరులో చాలానే ఉన్నాయి. అటువంటివారు 902–928 బ్యాండ్ పరీక్షలను తరంగాలు బయటికి పోకుండా షీల్డ్ చేసిన గదిలో జరపాలి, బయటి గాలిలో ప్రసారం చేయవలసి వస్తే డబ్ల్యూపీసీ నుంచి ప్రయోగ అనుమతి ముందే తీసుకోవాలి. ప్రదర్శన కోసం తెచ్చిన అమెరికా మోడల్‌ను పది నిమిషాలే కదా అని ఆన్ చేయడానికి ఈ నిబంధన అడ్డే.

కొనేముందు అడగవలసిన కాగితం

లైసెన్సు మినహాయింపు ఉందంటే ఏ పరికరమైనా తెచ్చి బిగించుకోవచ్చని కాదు. ఆ మోడల్‌కు ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, అంటే వాడుకలో అందరూ ఈటీఏ అనే ధ్రువపత్రం ఉండాలి. లైసెన్సు మినహాయింపు ఉన్న బ్యాండ్లలోని పరికరాలకు సరళ్ సంచార్ పోర్టల్‌లో స్వీయ ప్రకటన ద్వారా ఈటీఏ పొందే పద్ధతి అమల్లో ఉంది, దానికి గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన ఆర్‌ఎఫ్ పరీక్షా నివేదిక జతచేయాలి. రీడర్‌ను మీరే దిగుమతి చేసుకుంటుంటే ఈ బాధ్యత మీదే అవుతుంది, పత్రం లేకపోతే కస్టమ్స్ దగ్గరే సరుకు ఆగిపోతుంది. స్థానిక పంపిణీదారు దగ్గరో ఎస్పీ రోడ్డు దుకాణంలోనో కొంటుంటే ఈటీఏ నకలు అడిగి తీసుకుని, అందులోని మోడల్ సంఖ్యను పెట్టె మీది సంఖ్యతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. చాలా తయారీ సంస్థలు ఒకే రీడర్‌ను అమెరికాకు ఒక సంఖ్యతో, యూరప్, భారత్‌లకు ఇంకో సంఖ్యతో అమ్ముతాయి. చివరి రెండు అక్షరాల తేడాతో ధ్రువపత్రం వర్తించకుండా పోతుంది. దక్షిణాది రాష్ట్రాలకు సంబంధించిన ప్రాంతీయ లైసెన్సింగ్ కార్యాలయం చెన్నైలో ఉంది.

యాంటెన్నా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 902–928 కోసం తయారైన యాంటెన్నాను 866 దగ్గర వాడితే శక్తిలో కొంత భాగం వెనక్కి తిరిగి రీడర్‌లోకే వస్తుంది. దూరం తగ్గుతుంది, కొన్ని రీడర్లు పోర్టు లోపం చూపిస్తాయి. 865–868కి తయారైనదో, 860–960 మొత్తానికి పనిచేసేదో తీసుకోవాలి. ట్యాగుల్లో ఎక్కువ భాగం 860–960 అంతటా స్పందించేలా తయారవుతాయి గాని, వాటి ఉత్తమ బిందువు ఏ వైపు ఉందో డేటాషీట్‌లోని గ్రాఫ్ చూస్తే తెలుస్తుంది. లోహం మీద అంటించే ట్యాగుల్లో ఈ తేడా మరీ స్పష్టంగా ఉంటుంది.

శక్తి లెక్క

ఈ పనిలో ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే. నియమం కొలిచేది రీడర్ తెర మీద కనిపించే అంకెను ఒక్కదాన్నే కాదు, యాంటెన్నా నుంచి బయటికి వెళ్లేదాన్ని కూడా. కాబట్టి రీడర్, కేబుల్, యాంటెన్నా మూడింటినీ కలిపి ఒక్కొక్క పోర్టుకు విడివిడిగా లెక్క కట్టాలి.

శక్తిని డెసిబెల్స్‌లో చెప్పే కొలత డీబీఎం. 30 డీబీఎం అంటే 1 వాట్, 36 డీబీఎం అంటే 4 వాట్లు. రీడర్ శక్తిని డీబీఎంలో రాసుకుని, అందులోంచి కేబుల్, కనెక్టర్ల నష్టాన్ని తీసివేసి, యాంటెన్నా గెయిన్‌ను డీబీఐలో కలిపితే ఈఐఆర్‌పీ వస్తుంది, దానిలోంచి 2.15 తీసేస్తే ఈఆర్‌పీ. ఉదాహరణకు 30 డీబీఎం రీడర్, 1.5 డెసిబెల్ కేబుల్ నష్టం, 9 డీబీఐ యాంటెన్నా అనుకుందాం. ఈఐఆర్‌పీ 37.5, ఈఆర్‌పీ 35.35 డీబీఎం, అంటే దాదాపు 3.4 వాట్లు. ఇది పరిమితికి లోపలే ఉంది. అదే కేబుల్‌కు 12 డీబీఐ యాంటెన్నా తగిలిస్తే ఈఆర్‌పీ 38.35 డీబీఎం అవుతుంది, అంటే 6.8 వాట్లు దాటిపోయింది. అప్పుడు రీడర్ శక్తిని 27.65 డీబీఎంకు, అంటే సుమారు 0.58 వాట్‌కు తగ్గించాలి. ఇంత గెయిన్ ఉన్న యాంటెన్నా కిరణాన్ని ఇరుకుగా చేస్తుంది కాబట్టి శక్తి తగ్గించినా ఒకే లేన్‌ను చదవడానికి అది బాగానే పనికివస్తుంది, పక్క లేన్‌లోని ట్యాగులు అనవసరంగా పట్టుబడటం కూడా తగ్గుతుంది.

ట్రాన్స్‌మిటర్ శక్తి పరిమితిని చాలామంది మరిచిపోతారు. కేబుల్ పొడుగ్గా ఉండి నష్టం ఎక్కువైతే ఈఆర్‌పీలో ఇంకా చోటు మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది, అప్పుడు 33 డీబీఎం ఇవ్వగల రీడర్‌లో శక్తిని పైకి జరపాలనిపిస్తుంది. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్‌ను దాటకూడదు కాబట్టి మన దగ్గర 30 డీబీఎం మీద ఆగవలసిందే. నష్టాన్ని మంచి కేబుల్‌తోనో, రీడర్‌ను యాంటెన్నాకు దగ్గరగా జరిపో తగ్గించుకోవాలి. కేబుల్ నష్టాన్ని 900 మెగాహెర్ట్జ్ దగ్గర డేటాషీట్ ఇచ్చిన అంకె ప్రకారం మీటర్లకు లెక్కగట్టాలి గాని ఉజ్జాయింపు పనికిరాదు.

వృత్తాకార ధ్రువణం గల, అంటే తరంగం తిరుగుతూ ప్రసరించే యాంటెన్నాలకు గెయిన్‌ను డీబీఐసీలో ఇస్తారు. ఒక సరళరేఖా తలంలో చూస్తే వాస్తవ గెయిన్ అంతకంటే దాదాపు 3 డెసిబెల్స్ తక్కువ ఉంటుంది, యూరప్ ప్రమాణం ఆ తేడాను లెక్కలో చేర్చుకుంటుంది. ఇక్కడ మాత్రం పెద్ద అంకెనే తీసుకుని లెక్క వేయడం మంచిదని నా అభిప్రాయం. తనిఖీకి వచ్చినవారితో ధ్రువణం గురించి వాదించే కంటే అది సులువు.

ఛానెళ్లు, పొరుగు పరికరాలు

మూడు మెగాహెర్ట్జ్ వెడల్పులో 200 కిలోహెర్ట్జ్ చొప్పున పదిహేను ఛానెళ్లు పడతాయి గాని, పాత ఫర్మ్‌వేర్ చాలాసార్లు 867 వరకే చూపిస్తుంది. పైభాగం కావాలంటే తయారీదారు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ వాడాలి తప్ప యూరప్ రీజియన్‌ను ఎంచుకోకూడదు. ఒకే గోదాములో ఎదురెదురుగా పది డాక్ ద్వారాలుంటే పక్కపక్క ద్వారాలకు దూరదూరంగా ఉండే ఛానెళ్లు కేటాయించి, రీడర్, ట్యాగు మాట్లాడుకునే పద్ధతిని నిర్ణయించే జెన్2 ప్రమాణంలోని డెన్స్ రీడర్ మోడ్ వాడాలి. ఆ మోడ్‌లో ట్యాగు ఇచ్చే జవాబు రీడర్ల ప్రసారాలకు పక్కగా పడుతుంది కాబట్టి ఒకరి అరుపు ఇంకొకరి వినికిడిని ముంచెయ్యదు. ట్యాగుకు పంపే సంకేతంలో టారి (‘0’ బిట్‌కు పట్టే సమయం) విలువను 6.25 మైక్రోసెకన్లకు తగ్గిస్తే వేగం పెరుగుతుంది గాని క్యారియర్ వెడల్పు కూడా పెరుగుతుంది. 200 కిలోహెర్ట్జ్ పరిమితిని దృష్టిలో పెట్టుకుంటే 25 మైక్రోసెకన్లు, పీఆర్-ఆస్క్ మాడ్యులేషన్ (సమాచారాన్ని తరంగం మీద ఎక్కించే ఒక పద్ధతి) సురక్షితమైన ఎంపిక.

ఈ బ్యాండ్‌లో మీరొక్కరే లేరు. లోరావాన్ (తక్కువ శక్తితో ఎక్కువ దూరం సమాచారం పంపే లోరా నెట్‌వర్క్) పద్ధతిలో నడిచే మీటర్లు, సెన్సర్లు 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి, ఫాస్టాగ్ రీడర్లు కూడా ఈ బ్యాండ్‌లోనే ఉన్నాయి. మినహాయింపు కింద పనిచేసే పరికరం ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, తనకు కలిగిన అంతరాయం నుంచి రక్షణ కోరే హక్కూ దానికి లేదు. అందువల్ల అదే ఆవరణలో లోరా మీటర్లున్నాయో లేదో ముందుగా విద్యుత్ విభాగాన్ని అడిగి, రీడర్లను పైఛానెళ్లలో ఉంచడం తెలివైన పని. అయితే 869 నుంచి మొబైల్ టవర్ల డౌన్‌లింక్ మొదలవుతుంది. షెడ్డు పైనే టవర్ ఉంటే పైఛానెళ్లలో రీడర్ చెవుడుగా మారవచ్చు. అటువంటప్పుడు మళ్లీ మధ్యకు జరగాలి. ఇది సైటు చూసి తేల్చుకోవలసిన విషయం.

కొలిచి, రాసి పెట్టుకోవడం

పోర్టు దగ్గర శక్తిని కొలిచేటప్పుడు పవర్ మీటరుకు ముందు శక్తిని తగ్గించి పంపే 30 డెసిబెల్ అటెన్యుయేటర్ తప్పనిసరి, యాంటెన్నాగానీ లోడ్‌గానీ లేని పోర్టును ఆన్ చేయకూడదు. స్పెక్ట్రమ్ అనలైజర్ అద్దెకు దొరికితే చిన్న యాంటెన్నాతో దూరంగా నిలబడి రీడర్ నిజంగా ఏ ఛానెళ్లలో పలుకుతుందో చూడాలి. మెనూ ఒకటి చెప్పి హార్డ్‌వేర్ ఇంకొకటి చేసే సందర్భాలు ఈ పరీక్షలోనే బయటపడతాయి.

ప్రతి రీడర్‌కు ఒక పేజీ పెట్టండి. సీరియల్ సంఖ్య, ఈటీఏ సంఖ్య, ఫర్మ్‌వేర్ వెర్షన్, రీజియన్, ఛానెళ్లు, పోర్టువారీ శక్తి, కేబుల్ రకం, పొడవు, యాంటెన్నా గెయిన్, చివరగా వచ్చిన ఈఆర్‌పీ అందులో ఉండాలి. ఎవరైనా కేబుల్‌ను చిన్నది చేసినా యాంటెన్నా మార్చినా ఆ పేజీని మళ్లీ లెక్కించాలి, ఎందుకంటే నష్టం తగ్గితే ఈఆర్‌పీ పెరుగుతుంది. ఫర్మ్‌వేర్ నవీకరణ తర్వాత, ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత రీజియన్ మొదటి విలువకు తిరిగిపోయే రీడర్లు ఉన్నాయి కనుక, ఆ రెండు సందర్భాల్లోనూ లైను మొదలుపెట్టకముందే రీజియన్, శక్తి విలువలను పేజీతో సరిచూసి తేదీ వేయండి.