చిన్న కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ఇంజిన్ సైజు, వేరియంట్ ఎలా ఎంచుకోవాలి

రెండు సీట్లు, తీసేసే టాప్, పవర్ అంతా వెనక చక్రాలకే, బరువు దాదాపు ఒక టన్ను. ఇలాంటి కారు మీద మనసు పడ్డాక చాలామంది ఆగిపోయేది ఒకే ప్రశ్న దగ్గర: చిన్న ఇంజిన్ సరిపోతుందా, పెద్దదే తీసుకోవాలా?

బ్రోషర్‌లో హార్స్‌పవర్ అంకె చూసి దీన్ని తేల్చేయకండి. ఈ తరహా కార్లలో ఇంజిన్ మారితే బ్రేకులు, చక్రాలు, డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే భాగం), ఒక్కోసారి గేర్‌బాక్స్ కూడా మారిపోతాయి. అందుకే ఇంజిన్‌నీ వేరియంట్‌నీ కలిపి చూసుకోవాలి. ఉదాహరణలు ఎక్కువగా మాజ్దా ఎంఎక్స్-5 నుంచే ఇస్తున్నాను. 1989లో వచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా రకరకాల ఇంజిన్లతో, లెక్కలేనన్ని వేరియంట్లతో అమ్ముడవుతున్న కారు అది. ఈ తికమకంతా అందులో బాగా కనిపిస్తుంది.

1. ముందు మీ రోడ్డేదో రాసుకోండి

మామూలుగా ఒక వారంలో ఈ కారు ఎక్కడెక్కడ తిరుగుతుందో కాగితం మీద రాయండి. ఊళ్లో ట్రాఫిక్‌లోనా, హైవే మీద గంటల తరబడా, మలుపుల ఘాట్ రోడ్డు మీదా? పక్క సీట్లో ఎప్పుడూ ఎవరైనా ఉంటారా, ఎక్కువగా మీరొక్కరేనా?

పక్క సీటు సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ కాదు. టన్ను బరువున్న కారులో ఇద్దరు ఎక్కితే 150 కిలోలు, అంటే 15 శాతం బరువు పెరిగినట్టే. పెద్ద కారులో ఆ తేడా తెలియదు. చిన్న ఇంజిన్ ఉన్న ఇలాంటి రెండు సీట్ల కారులో ఎత్తు ఎక్కేటప్పుడు వెంటనే తెలుస్తుంది.

2. మీ దగ్గర అసలు ఏది దొరుకుతుందో చూడండి

ఒకే కారు దేశాన్ని బట్టి వేరే ఇంజిన్లతో వస్తుంది. ఇప్పటి ఎంఎక్స్-5, అంటే 2015లో వచ్చిన నాలుగో తరం, అమెరికాలో 2.0 లీటర్ల ఇంజిన్‌తోనే అమ్మారు. బ్రిటన్‌లో 1.5, 2.0 రెండూ ఇచ్చారు. జపాన్‌లో సాఫ్ట్ టాప్, అంటే గుడ్డ టాప్ ఉన్న మామూలు కారుకి 1.5 పెట్టి, ముడుచుకునే గట్టి టాప్ ఉన్న ఆర్ఎఫ్‌కి 2.0 పెట్టారు. మీరున్న చోట ఒకటే దొరికితే మూడు, నాలుగు అంచెలు వదిలేసి నేరుగా వేరియంట్ దగ్గరకు వెళ్లిపోండి.

3. లీటర్లు కాదు, బలం ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో చూడండి

అసలు విషయం ఇక్కడే ఉంది. ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె, టార్క్ అంటే తిప్పే బలం.

2018లో మాజ్దా ఇంజిన్లలో చేసిన మార్పుల తర్వాత ఎంఎక్స్-5 1.5 ఇంజిన్ 132 హార్స్‌పవర్, 152 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 2.0 ఇంజిన్ 184 హార్స్‌పవర్, 205 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. రెండింటికీ పూర్తి పవర్ 7000 ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది. తేడా కింది ఆర్‌పీఎంలలో ఉంది. 2.0లో 4000కే గరిష్ఠ టార్క్ అందుతుంది కాబట్టి లారీని దాటాలంటే ఒక గేరు దించితే చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. 1.5లో అదే పనికి రెండు గేర్లు దించి, ఇంజిన్‌ని గట్టిగా పాడించాలి.

ఇది లోపమా, సరదానా? దానికి జవాబు మీరే చెప్పాలి. గేరు మార్చడమే ఆనందం అనుకునేవాళ్లకు 1.5 అద్భుతమైన ఇంజిన్. ముక్కు తేలిగ్గా ఉంటుంది, స్పీడ్ లిమిట్ దాటకుండానే యాక్సిలరేటర్‌ని నేలకి ఆనించి తొక్కే అవకాశం దొరుకుతుంది. బలమైన కారులో అలా తొక్కితే మూడు సెకన్లలో కాలు తీసేయాల్సి వస్తుంది. రోజూ ఆఫీసుకి వెళ్లి వస్తూ నెమ్మదిగా నడిపేవాళ్లకు మాత్రం అదే గుణం అలసట తెస్తుంది.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉంటే ఈ లెక్కే తారుమారవుతుంది. ఫియట్ 124 స్పైడర్ ఎంఎక్స్-5 పునాది మీద తయారైన కారే, హిరోషిమాలోని మాజ్దా ఫ్యాక్టరీలోనే బిగించారు. దాని ఇంజిన్ 1.4 లీటర్లే, 140 హార్స్‌పవరే. కానీ టర్బో వల్ల టార్క్ 240 న్యూటన్ మీటర్లు, అదీ 2250 ఆర్‌పీఎం దగ్గరే. లీటర్లు చూస్తే చిన్నది, కింది ఆర్‌పీఎంలో లాగే బలం చూస్తే 2.0 కన్నా పెద్దది.

దీనికి పూర్తి వ్యతిరేకం హోండా ఎస్2000. మొదట వచ్చిన 2.0 ఇంజిన్ 9000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, దాని అసలు బలమంతా పైనే ఉంటుంది. నెమ్మదిగా నడిపితే మామూలు కారులాగే అనిపిస్తుంది.

4. రెండూ నడపండి, కానీ ఇలా నడపండి

షోరూమ్ చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తే ఏమీ తెలియదు. వీలైతే రెండు ఇంజిన్లనీ ఒకే రోజు, ఒకే దారిలో, ఇద్దరు కూర్చుని నడపండి.

మూడో గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా తొక్కి ఎలా లాగుతుందో చూడండి. ఎత్తు ఎక్కే రోడ్డు మీద మళ్లీ అదే చేయండి. తర్వాత పైకప్పు మూసి, గంటకు 100 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పోనిచ్చి మీ పక్క మనిషితో మాట్లాడండి. గొంతు పెంచాల్సి వస్తే, మీ ప్రయాణాల్లో హైవే ఎక్కువైతే, ఇంజిన్ కన్నా టాప్ గురించే ఎక్కువ ఆలోచించాలని అర్థం. చివరికి ఏమీ కొలవకుండా మీకు నచ్చినట్టు పది నిమిషాలు నడపండి. దిగాక మళ్లీ ఎక్కాలనిపించిన కారేదో గుర్తుపెట్టుకోండి, ఆ అభిప్రాయానికి విలువ ఇవ్వండి.

5. వేరియంట్ జాబితాలో మెకానికల్ వస్తువులు ముందు గీత గీసి పెట్టుకోండి

లెదర్, స్క్రీన్, వేడెక్కే సీట్లు, తల ఆనే చోట స్పీకర్లు ఇవన్నీ బాగానే ఉంటాయి. కానీ జాబితా చేతికి రాగానే వీటిని పక్కన పెట్టి డిఫరెన్షియల్, బ్రేకులు, సస్పెన్షన్, చక్రాలు, గేర్‌బాక్స్ ఎక్కడున్నాయో వెతకండి. తర్వాత మార్చుకోవాలంటే ఖర్చూ కష్టమూ ఎక్కువయ్యేవి ఇవే. ఆడియో ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

వీటిలో నేను మొదట చూసేది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మలుపులో కారు బరువు బయటి చక్రాల మీదకు వాలుతుంది, లోపలి వెనక చక్రం తేలికవుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానమైన టార్కే ఇస్తుంది. లోపలి చక్రం పట్టు తప్పి ఊరికే తిరగడం మొదలుపెడితే, పట్టున్న బయటి చక్రానికి కూడా అంత తక్కువ బలమే అందుతుంది. మీరు తొక్కుతూనే ఉంటారు, కారు ముందుకు పోదు. లిమిటెడ్ స్లిప్ ఆ రెండు చక్రాల వేగాల తేడాని అదుపు చేసి, పట్టున్న చక్రానికి బలం వెళ్లేలా చూస్తుంది. తడి రోడ్డు మీద, మలుపు దాటి పైకి లాగేటప్పుడు తేడా కూర్చున్నచోటే తెలుస్తుంది.

అన్ని వేరియంట్లలోనూ అది ఉంటుందనుకోవద్దు. జపాన్‌లో అమ్మే 1.5 ఎంఎక్స్-5లో అన్నింటికన్నా కింది ‘ఎస్’ వేరియంట్‌కి లిమిటెడ్ స్లిప్ లేదు, వెనక స్టెబిలైజర్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) కూడా లేదు. అది పొదుపు కోసమే చేసిన పని అనుకుంటే పొరపాటు. దాన్ని మెత్తగా, తేలిగ్గా ఒరుగుతూ పోయే కారుగా నచ్చి కొనేవాళ్లు ఉన్నారు, సాఫ్ట్‌గా నడిపేవాళ్లకు అది నిజంగా చక్కటి కారు. అమెరికాలో క్లబ్ వేరియంట్ మాన్యువల్‌లో లిమిటెడ్ స్లిప్, బిల్‌స్టైన్ కంపెనీ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) వచ్చాయి. అదే క్లబ్ ఆటోమేటిక్ తీసుకుంటే లిమిటెడ్ స్లిప్ రాలేదు. వేరియంట్ పేరు ఒకటే, కారు వేరు. అందుకే పేరు చూసి సరిపెట్టుకోకుండా, మీరు కొనే గేర్‌బాక్స్‌తో ఏమేం వస్తాయో లైను లైనూ చదవండి.

పోర్షే బాక్‌స్టర్ మొదటి తరం ఇంకో మంచి ఉదాహరణ. 2.7 పక్కన 3.2 లీటర్ల ‘ఎస్’ వచ్చినప్పుడు ఇంజిన్ ఒక్కటే పెరగలేదు. మాన్యువల్ గేర్‌బాక్స్ ఐదు నుంచి ఆరు గేర్లయింది, బ్రేకులూ పెద్దవయ్యాయి. ఆ పై వేరియంట్‌కి కట్టే ఎక్కువ డబ్బులో ఎంత భాగం ఇలాంటి వాటికి పోతుందో లెక్కేసుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

చక్రాల గురించి ఒక్క మాట. నాలుగో తరం ఎంఎక్స్-5లో 1.5కి సాధారణంగా 16 అంగుళాలవి, 2.0కి 17 అంగుళాలవి వస్తాయి. రోడ్లు గతుకులైతే చిన్న చక్రం, మందపాటి టైరే సుఖం. చూడ్డానికి పెద్ద చక్రం బాగుంటుందని నడుముకి శిక్ష వేసుకోకండి.

6. టాప్, సీటు, డిక్కీ

సాఫ్ట్ టాప్‌ని కూర్చున్నచోటి నుంచే ఒక్క చేత్తో వెనక్కి పడేయొచ్చు. ఆర్ఎఫ్‌లో మోటారు దాదాపు 13 సెకన్లలో ఆ పని చేస్తుంది, లోపల గాలి శబ్దం తక్కువ, బదులుగా బరువు పెరుగుతుంది. ఆకాశం మొత్తం నెత్తి మీద కావాలనుకుంటే సాఫ్ట్ టాపే తీసుకోండి. ఆర్ఎఫ్‌లో టాప్ తీసినా వెనక స్తంభాలు అలాగే నిలబడి ఉంటాయి.

ఎంఎక్స్-5లో సాఫ్ట్ టాప్ అయినా ఆర్ఎఫ్ అయినా డిక్కీ దాదాపు 130 లీటర్లే. మీ ప్రయాణం బ్యాగుని తీసుకెళ్లి పెట్టి చూడండి. పొడవు ఎక్కువున్నవాళ్లు సీట్లో పావుగంట కదలకుండా కూర్చోవాలి. 2018 మార్పులకు ముందు ఎంఎక్స్-5లో స్టీరింగ్‌ని పైకీ కిందికీ జరపొచ్చు కానీ ముందుకూ వెనక్కీ లాగడానికి వీలుండేది కాదు.

7. సెకండ్ హ్యాండ్ అయితే తయారైన ఏడాది అడగండి

ఇంజిన్ సైజు ఒకటే ఉన్నా ఏడాదిని బట్టి బలం మారిపోతుంది. మొదటి తరం ఎంఎక్స్-5లో 1.6 ఇంజిన్ దాదాపు 115 హార్స్‌పవర్‌తో వచ్చింది. బ్రిటన్‌లో 1995 నుంచి అమ్మిన 1.6లో దాన్ని 88 దగ్గరకు తగ్గించారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ప్రకటనలో ‘1.6’ అనే రాస్తారు. ఇప్పటి తరంలోనూ 2018 మార్పులకు ముందు 2.0 ఇచ్చేది 160 హార్స్‌పవరే, 6800 ఆర్‌పీఎం దగ్గరే ఆగిపోయేది. ఆ తర్వాతది 7500 దాకా పోతుంది. పేరు అదే అయినా ఆ రెండు ఇంజిన్ల స్వభావం వేరు.

8. ఇక తేల్చుకోండి

మీ కాగితం మీద మలుపుల రోడ్డు, ఒంటరి ప్రయాణాలు, గేరు మార్చే సరదా ఉంటే చిన్న ఇంజినే తీసుకుని, మిగిలిన డబ్బుతో లిమిటెడ్ స్లిప్ ఉన్న వేరియంట్‌కి వెళ్లండి. నా ఓటు దీనికే. హైవే, ఇద్దరు మనుషులు, ఎత్తైన రోడ్లు ఉంటే పెద్ద ఇంజిన్‌ని మధ్య వేరియంట్‌లో తీసుకోండి. పై వేరియంట్‌లో అదనంగా వచ్చేవి లెదర్, స్క్రీన్ మాత్రమే అయితే అంతదూరం పోనక్కర్లేదు.

రెండూ సమానంగా నచ్చి ఎటూ తేలకపోతే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో, నాలుగు టైర్లు మార్చడానికి ఎంతవుతుందో రెండింటికీ విడివిడిగా అడిగి తెలుసుకోండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకున్నాకే అడ్వాన్సు కట్టండి.