ప్రశ్నావళి పంచకముందే ఖాళీ పట్టిక గీయండి

పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన రూపకల్పనలో, డేటా విశ్లేషణలో సాయం చేయడం నా ఉద్యోగం. వచ్చేవాళ్లలో చాలామంది డేటా అంతా పోగేసుకుని, ఎక్సెల్ ఫైలు తెరిచి, "మేడమ్, దీనికి ఏ టెస్ట్ పెట్టాలి?" అని అడుగుతారు. మీరు దేనికి జవాబు వెతుకుతున్నారని నేనడిగితే టాపిక్ చెబుతారు. టాపిక్ వేరు, ప్రశ్న వేరు.

"విద్యార్థుల్లో ఒత్తిడి: ఒక అధ్యయనం" అనేది టాపిక్. "హాస్టల్లో ఉండే పీజీ విద్యార్థుల ఒత్తిడి స్కోరు, ఇంటి నుంచి వచ్చి వెళ్లేవాళ్ల స్కోరు కంటే ఎక్కువా?" అనేది ప్రశ్న. ఎవరిని ఎవరితో పోలుస్తున్నారో, దేన్ని కొలుస్తున్నారో ఈ రెండోదాంట్లో ఉంది. ఏ టెస్ట్ (గణాంక పరీక్ష) పెట్టాలన్నది కూడా సగం అందులోనే ఉంది.

ప్రశ్న కుదిరాక ఓ తెల్లకాగితం తీసుకుని ఫలితాల పట్టిక గీయండి. అంకెలు లేకుండా, ఖాళీగా. పై ఉదాహరణకైతే రెండు అడ్డ వరుసలు: హాస్టల్, ఇల్లు. నిలువు వరుసల్లో ఎంతమంది, సగటు స్కోరు, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె). కింద ఒక వరుసలో రెండు సగటుల తేడా, దాని విశ్వాస అంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే హద్దులు). అంతే. మీ ప్రతి ఆబ్జెక్టివ్‌కీ ఇలాంటి పట్టికో, గ్రాఫో ఒకటి గీయగలగాలి. గీయలేకపోతే ఆ ఆబ్జెక్టివ్ ఇంకా తయారుకాలేదన్నమాట.

ఇప్పుడు ప్రశ్నావళి పక్కన పెట్టుకుని, ఒక్కో ప్రశ్నా ఏ పట్టికలోకి వెళ్తుందో చూడండి. ఒకమ్మాయితో ఇలాగే కూర్చున్నాను. తండ్రి వృత్తి, ఇంట్లో గదులు, చదివే పత్రికలు... వీటిలో ఏదీ ఏ పట్టికలోనూ పట్టలేదు. మరెందుకు పెట్టావంటే, "పాత థీసిస్‌లో ఉన్నాయి మేడమ్" అంది. ఎక్కడికీ వెళ్లని ప్రశ్నను కొట్టేయండి. నింపేవాళ్ల ఓపికా మిగులుతుంది, సమాధానాలూ నికార్సుగా వస్తాయి. ఒక్కోసారి దీనికి తలకిందులుగా జరుగుతుంది: పట్టికలో గడి ఉంటుంది, దాన్ని నింపే ప్రశ్న ప్రశ్నావళిలో ఉండదు. డేటా సేకరించాక ఇది బయటపడితే చేయగలిగిందేమీ లేదు. ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుడి దగ్గరికి వెళ్లడమంటే పోస్ట్‌మార్టం అడగడమేనన్న అర్థంలో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1938లోనే చెప్పారు.

తర్వాత అందరికీ టెన్షన్ పెట్టేది శాంపిల్ సైజు. "384 పెట్టాను మేడమ్, సీనియర్లందరూ అదే పెట్టారు." ఆ అంకె ఎక్కడిదో తెలుసుకుని వాడండి. 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. చాలా పెద్ద జనాభాలోంచి లాటరీ పద్ధతిలో మనుషుల్ని ఎంచి, ఒక శాతాన్ని 95% నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం పాయింట్లలోపు అంచనా కట్టడానికి పనికొచ్చే లెక్క అది. రెండు గ్రూపుల సగటులు పోల్చడానికి దానితో సంబంధం లేదు. అక్కడ ఎంత తేడాను పట్టుకోవాలనుకుంటున్నారన్నదే ముఖ్యం. ప్రామాణిక విచలనంలో సగమంత తేడాను 5% స్థాయిలో, 80% పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశంతో) పట్టాలంటే గ్రూపుకు 64 మంది చాలు. అదే తేడా ప్రామాణిక విచలనంలో 0.2 వంతే ఉంటే గ్రూపుకు దాదాపు 400 మంది కావాలి. జీ-పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెలు కొడితే క్షణంలో వస్తుంది. ఎంత తేడా అన్నది మాత్రం అది చెప్పదు. పాత పరిశోధనలు చదివి మీరే తేల్చుకోవాలి.

ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. క్లాసుకు 30 మంది చొప్పున 13 క్లాసుల్లో ప్రశ్నావళి పంచి, 390 మంది శాంపిల్ అని రాస్తారు. ఒకే క్లాసువాళ్లు ఒకే టీచరు దగ్గర, ఒకే వాతావరణంలో ఉంటారు, వాళ్ల జవాబులూ కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను కొలిచే అంకెను ఐసీసీ అంటారు. అది 0.1 అనుకుందాం. 30లోంచి ఒకటి తీసేసి, 29ని 0.1తో గుణించి, ఒకటి కలిపితే 3.9. మీ 390ని 3.9తో భాగించండి: 100. కాగితం మీద 390 మంది ఉన్నా, సగటును అంచనా కట్టడంలో వాళ్ల బలం వంద మందిదే. అందుకే ఒక్కో క్లాసులో ఎక్కువమందిని తీసుకోవడం కన్నా ఎక్కువ క్లాసులకు వెళ్లడం మేలు. గైడ్‌తో ఈ మాట సినాప్సిస్ దశలోనే మాట్లాడండి. ఇక వాట్సాప్ గ్రూపుల్లో ఫారం లింకు పంపి, దాన్ని యాదృచ్ఛిక నమూనా అని రాయకండి. అది సౌకర్య నమూనా, అంటే అందుబాటులో ఉన్నవాళ్లతో చేసింది. అలాగే రాసి, పరిమితుల్లో ఒప్పుకుంటే సరిపోతుంది.

అసలు సర్వేకు ముందు పాతికముప్పై మందితో పైలట్ చేయండి. వాళ్ల డేటాతోనే విశ్లేషణ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడపండి. ఆల్ఫా విలువ (స్కేలులోని ప్రశ్నల మధ్య పొందికను చూపే అంకె) మైనస్‌లో వచ్చిందని బెంబేలెత్తి వచ్చేవాళ్లుంటారు. చాలాసార్లు కారణం ఒక్కటే. "నాకు నిద్ర బాగా పడుతుంది" లాంటి ఎదురు వాక్యాల స్కోరు తిప్పి ఉండరు. 1 నుంచి 5 స్కేలైతే 6లోంచి ఆ స్కోరు తీసేయండి.

డేటా ఎంట్రీలో ఒక మనిషికి ఒక వరుస, ఒక ప్రశ్నకు ఒక కాలమ్. నా ముందుకొచ్చిన ఒక ఫైలులో లింగం కాలమ్‌లో "మేల్", "మగ", "పు", "పురుషుడు", వెనక స్పేస్ ఉన్న "మగ " అన్నీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కు అవి ఐదు గ్రూపులు. కోడ్ ముందే నిర్ణయించి, ఇంకో షీటులో రాసి పెట్టుకోండి. జవాబు లేనిచోట సున్నా వేయకండి, ఖాళీగా వదలండి. 99 అని వేసి, అది లేని జవాబని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే సగటు వయసు ఎక్కడికో పోతుంది. వారానికి ఎన్నిసార్లు అన్నచోట 3-5 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. ఇలా తేదీలుగా మారిపోతున్నాయని 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చారు. అలాంటి కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచి, కాపీ మీద పనిచేయండి.

టెస్ట్ నడపకముందు బొమ్మ గీసి చూడండి. గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు చిన్న డేటాసెట్లు చూపించారు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే అంకె) దాదాపు 0.816. గ్రాఫ్ గీస్తే ఒకటి మామూలు సరళరేఖ తీరు, ఒకటి వంపు, మిగతా రెండింటిలో ఒక్కొక్క చుక్కే లెక్కంతా పాడుచేస్తోంది.

టెస్ట్ ఎంపికకు మూడు మాటలు తేల్చుకోండి. కొలిచింది అంకెనా, వర్గమా? గ్రూపులెన్ని? మనుషులు వేరువేరా, వాళ్లేనా? తడబడేది ఎక్కువగా మూడోదాని దగ్గర. శిక్షణకు ముందు, తర్వాత కొలిచింది అదే విద్యార్థులనైతే పెయిర్డ్ టీ-టెస్ట్ వాడాలి, ఇండిపెండెంట్ కాదు.

పీ విలువ (నిజానికి ఏ తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ వస్తే సంబరపడేముందు ప్రభావం ఎంతో చూడండి. 400 మందిలో సహసంబంధం 0.1 వచ్చినా పీ 0.05 లోపే ఉంటుంది. కానీ దాని వర్గం 0.01, అంటే స్కోర్లలోని హెచ్చుతగ్గుల్లో ఒక్క శాతాన్నే వివరిస్తోంది. ఇంకోటి, ఎక్కడా ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే కనీసం ఒకటైనా "సిగ్నిఫికెంట్"గా వచ్చే అవకాశం 64%. అందుకే ప్రధాన హైపోథిసిస్‌లు ఏవో డేటా చూడకముందే తేదీ వేసి రాసుకోండి. 0.06 వచ్చిందని ఇద్దరు ముగ్గురిని తీసేసి మళ్లీ నడిపితే అది విశ్లేషణ కాదు, కావాల్సిన ఫలితాన్ని వండుకోవడం.

డబ్బులిచ్చి విశ్లేషణ అధ్యాయం మొత్తం బయట చేయించుకునేవాళ్ల గురించి నాకు పెద్ద సానుభూతి లేదు. వైవాలో "ఈ టెస్టే ఎందుకు?" అంటే చెప్పాల్సింది వాళ్లే. సందేహం అడగడం, లెక్క సరిచూపించుకోవడం వేరు, అవి ఎన్నిసార్లయినా చేయండి. సాఫ్ట్‌వేర్‌కు క్రాక్ కాపీల వెంట పడక్కర్లేదు. ఆర్, జమోవి, జాస్ప్ ఉచితమే. ఏది వాడినా నడిపిన కమాండ్లను సేవ్ చేసుకోండి, ఆర్నెల్ల తర్వాత గైడ్ ఒక పట్టిక మార్చమంటే అవే దిక్కు.

రాసేటప్పుడు అవుట్‌పుట్ మొత్తం తెచ్చి అతికించకండి. మొదట గీసిన ఖాళీ పట్టికల్ని నింపండి. ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీ విలువ .000 అని కనిపిస్తే అది సున్నా కాదు, "0.001 కంటే తక్కువ" అని రాయండి.