డెవలపర్లకూ ఆపరేషన్స్‌కూ పొసగనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

సాఫ్ట్‌వేర్ రాసే డెవలపర్లు విజయవాడలోనూ, దాన్ని సర్వర్ల మీద నడుపుతూ వ్యాపారుల ఫోన్లకు జవాబు చెప్పే ఆపరేషన్స్ ఉద్యోగులు గుంటూరులోనూ ఉన్న ఒక చిన్న సంస్థలో నేను కొన్నేళ్లు పనిచేశాను. మిర్చి కమీషన్ వ్యాపారులకూ కోల్డ్ స్టోరేజీలకూ కాటా లెక్కలు, రశీదులు, ఖాతాలు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ మాది. రెండు ఊళ్ల మధ్య ఉన్నది గంట ప్రయాణమే అయినా, రెండు బృందాలూ ఒకదాన్నొకటి అనుమానించుకోవడానికి అది చాలింది. తరవాతి ఉద్యోగాల్లో ఒకే హాల్లో ఎదురెదురుగా కూర్చున్నవారు అంతకన్నా ఘోరంగా పోట్లాడుకోవడం చూశాక దూరాన్ని తప్పుపట్టడం మానేశాను. తగవు ఎక్కడ బయటపడినా దాని వేరు అప్పగింతలో, అంటే పని ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి మారే చోట ఉంటుంది. కింది సమస్యల్లో వేటిలోనైనా మనుషుల స్వభావాన్ని శంకించే ముందు ఆ చోటును పరిశీలించడం మంచిది.

సమస్య: "నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది"

రైతు పేరును తెలుగులో టైపు చేస్తే విజయవాడలో చక్కగా సేవ్ అవుతుంది. గుంటూరు కౌంటరులో అదే పేరుకు ఎర్రర్ వస్తుంది, లేదా రశీదు మీద పేరుకు బదులు వరసగా ప్రశ్నార్థకాలు అచ్చవుతాయి. డెవలపరు సర్వరును అంటాడు, ఆపరేషన్స్ ఉద్యోగి కోడ్‌ను అంటాడు, ఇద్దరి దగ్గరా రుజువులుంటాయి.

కారణం రెండు యంత్రాల మధ్య తేడా. మా డెవలపర్ల దగ్గర మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 8.0 వెర్షన్ ఉండగా సర్వరులో 5.7 నడుస్తూ ఉండేది. 8.0లో ఏమీ చెప్పకపోతే యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర సమితి అమలవుతుంది, 5.7లో ఏమీ చెప్పకపోతే లాటిన్1 అమలవుతుంది, లాటిన్1లో తెలుగు అక్షరాలకు చోటే లేదు. ఇదే కుటుంబానికి చెందిన మరొక తేడా ఫైళ్ల పేర్లది: ఇంగ్లిషు పేరులో ఒక అక్షరం పెద్దదైనా చిన్నదైనా విండోస్ మామూలుగా పట్టించుకోదు, లినక్స్ మాత్రం వాటిని రెండు వేరు ఫైళ్లుగా చూస్తుంది. అందువల్ల ల్యాప్‌టాప్‌లో కనిపించిన లోగో సర్వరులో మాయమవుతుంది.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా వేధించింది మాత్రం గడియారం. రోజు ఖాతాను ముగించే పని అర్ధరాత్రి పన్నెండింటికి జరగాలని డెవలపరు రాశాడు. సర్వరు గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో ఉంది, అది మన కాలమానానికి 5 గంటల 30 నిమిషాలు వెనక నడుస్తుంది కనుక ఆ పని మనకు తెల్లవారుజామున 5:30కి జరిగేది. సీజన్‌లో మిర్చి లారీలు రాత్రిపూట యార్డుకు చేరుతుంటాయి. అర్ధరాత్రి దాటాక దిగిన టిక్కీలన్నీ (మిర్చి బస్తాలన్నీ) నిన్నటి ఖాతాలో పడి, రెండు రోజుల లెక్కలూ కలవక, వ్యాపారి ఫోను చేసేవాడు. కోడ్ రాసినవాడు సరిగానే రాశాడు, సర్వరు పెట్టినవాడు పద్ధతి ప్రకారమే పెట్టాడు. ఏ గడియారమన్న ప్రశ్న మాత్రం ఇద్దరిలో ఎవరి పనీ కాకుండా మిగిలిపోయింది.

పరిష్కారం ఏ పరికరమూ కొనకుండానే మొదలవుతుంది. ప్రతి బృందం నుంచి ఒక్కరిని ఒక మధ్యాహ్నం పక్కపక్కన కూర్చోబెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ వెర్షన్, అక్షర సమితి, కాలమానం, ఫోల్డర్ల దారులు, అనుమతులు అన్నీ రెండు నిలువు వరసల్లో రాయించండి. మా జాబితా ఒక పేజీ నిండి వెనక్కి తిరిగింది. ఆ తరవాతే, ప్రోగ్రామునూ దానికి కావలసినవాటినీ కలిపి ఒకే పెట్టెలో సర్దే డాకర్ లాంటి పరికరం అక్కరకొస్తుంది: ఒకసారి తయారుచేసిన ఆ పెట్టెనే, అంటే ఇమేజ్‌నే, ల్యాప్‌టాప్ నుంచి స్టేజింగ్‌కు (పరీక్ష సర్వరుకు), స్టేజింగ్ నుంచి ప్రొడక్షన్‌కు (వ్యాపారులు వాడే అసలు సర్వరుకు) కదిలిస్తూ, సెట్టింగులు మాత్రమే మార్చాలి. ఆ సెట్టింగులు కూడా, కోడ్‌లోని ప్రతి మార్పునూ నమోదుచేసే గిట్‌లో ఉండాలి, పాస్‌వర్డ్‌లను మాత్రం గిట్‌లోకి రానీయకుండా విడిగా భద్రపరచాలి. సర్వరులోకి వెళ్లి చేత్తో దేన్నీ మార్చకూడదు, ఆపద వేళ మార్చక తప్పకపోతే ఆ రోజే దాన్ని గిట్‌లోకి ఎక్కించాలి. డాకర్ పెట్టినంతనే తేడాలన్నీ పోతాయన్న భ్రమ కూడా వద్దు. ల్యాప్‌టాప్‌లో పది రశీదులూ ప్రొడక్షన్‌లో లక్షల రశీదులూ ఉన్నంతకాలం వేగం విషయంలో అవి వేరు యంత్రాలే. రైతుల ఫోను నంబర్లను, బ్యాంకు వివరాలను చెరిపివేసిన అసలు డేటా నకలును స్టేజింగ్‌లో ఉంచితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

సమస్య: రిలీజ్ అంటే జాగారమే

మిర్చి యార్డుకు ఏటా ఎండాకాలంలో, సుమారు మే నెలలో, సెలవులిస్తారు. "అప్పుడు పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు" అని మా ఆపరేషన్స్ పెద్ద అనేవారు, ఆ మాట వినడానికి ఎంతో బాగుండేది. సీజన్ పొడుగునా చేసిన మార్పులన్నీ దాచిపెట్టి సెలవుల్లో ఒక్క రాత్రి సర్వరులోకి ఎక్కించేవాళ్లం, మా రిలీజ్ అంటే అదే. తెల్లారేసరికి ఏదో ఒకటి విరిగేది, అన్ని మార్పుల్లో దేనివల్ల విరిగిందో తేల్చడానికి రెండు రోజులు పట్టేది. సెలవుల్లో సర్వరు మీద బరువు ఉండదు కనుక కొన్ని లోపాలు నిద్రపోతూ ఉండి, యార్డు తెరిచి రద్దీ మొదలైన నాడు లేచేవి.

జాగ్రత్త పేరుతో పెరిగిన మూట బరువే ఇక్కడ మొదటి కారణం. రెండవది, ఆ మూటను చేత్తో మోయడం. ఈ రెండవదాని ఖరీదు ఎంతో తెలియాలంటే అమెరికా షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్‌కు 2012 ఆగస్టు 1న జరిగినది చూడాలి. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టవలసి ఉండగా ఒకదాన్ని మరిచారు. వాడుకలో లేని పాత కోడ్ ఆ ఒక్క సర్వరులో మేలుకొని ఎడాపెడా ఆర్డర్లు పంపింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఎనిమిదీ అయ్యాయా అని రెండవ మనిషి చూడాలన్న నియమం అక్కడ లేదు.

అందువల్ల మొదట డిప్లాయ్‌ను, అంటే కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టే పని మొత్తాన్ని, యంత్రమే నడిపే స్క్రిప్ట్‌గా రాసి, ఆ స్క్రిప్టే అన్ని సర్వర్లలోనూ వెర్షన్ సరిచూసి చెప్పేలా చేయాలి. దాన్ని నడిపే పరికరం జెన్‌కిన్స్ అయినా మరొకటైనా ఫరవాలేదు, పరికరం ఎంపిక గురించి నెలలు వాదించుకోవడం కూడా పని తప్పించుకునే దారే. తరవాత మూటను విప్పాలి, అంటే వారానికొకటి, వీలైతే రోజుకొకటి చొప్పున చిన్న మార్పులు వెళ్లాలి.

డేటాబేస్ మార్పుల విషయంలో ఇది కుదరదని డెవలపర్లు అంటారు. కుదురుతుంది. డేటాబేస్ పట్టికలో వ్యాపారి గుర్తింపు కోడ్ ఉన్న నిలువు వరసను మార్చవలసి వస్తే, ముందు కొత్త వరసను పాతదాని పక్కన చేర్చి, ఒక రిలీజ్‌లో రెండింటిలోనూ రాయించి, పాత డేటాను నింపి, మరో రిలీజ్‌లో చదవడాన్ని కొత్తదానికి మళ్లించి, కొన్ని వారాలు గమనించాకే పాతదాన్ని తీసివేయాలి. పాత వరసను తీసివేసేదాకా ఏ దశలోనైనా వెనక్కి రావచ్చు. ఆ వెనక్కి రావడాన్ని, అంటే రోల్‌బ్యాక్‌ను, అవసరం లేని రోజున ఒకసారి నిజంగా చేసి చూడండి. మేము మొదటిసారి చేసినప్పుడు అది పనిచేయలేదు. అవసరం లేని రోజు కాబట్టి నవ్వుకొని సరిచేసుకున్నాం.

సమస్య: ఆపరేషన్స్ ప్రతిదానికీ "వద్దు" అంటుంది

కొత్త సదుపాయాలు ఇచ్చినందుకు డెవలపరుకు మెప్పు, ఏదీ ఆగనందుకు ఆపరేషన్స్‌కు మెప్పు. ఇలా జీతాల పెంపును ముడిపెట్టిన యాజమాన్యం తరవాత ఇద్దరినీ కలిసి ఉండమని సమావేశాలు పెడుతుంది. మార్పు వల్లే చాలా సేవలు ఆగుతాయి కనుక, ఆగకుండా చూసేవాడు మార్పును అడ్డుకోవడం అతని లెక్కలో తెలివైన పనే.

2009 జూన్‌లో జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ అనే ఇద్దరు ఫొటోలు పంచుకునే తమ ఫ్లికర్ సంస్థలో రోజుకు పదికి పైగా డిప్లాయ్‌లు ఎలా జరుగుతున్నాయో వేదిక మీద వివరించారు, ఒకరు ఆపరేషన్స్ తరఫున, మరొకరు డెవలపర్ల తరఫున. దాని ప్రేరణతో ఆ ఏడాదే బెల్జియంలోని ఘెంట్ నగరంలో పాట్రిక్ దెబ్వా జరిపిన సమావేశం నుంచే, డెవలప్‌మెంట్, ఆపరేషన్స్ అన్న రెండు మాటలను కలిపిన డెవాప్స్ అన్న పేరు వ్యాపించింది. మార్పును ఆపడం కాదు, మార్పును తట్టుకోగలగడమే ఆపరేషన్స్ పని అని ఆల్‌స్పా, హామండ్ వాదించారు.

ఆచరణలో మాకు అక్కరకొచ్చింది గూగుల్ వాడుకలోకి తెచ్చిన ఎర్రర్ బడ్జెట్. సేవ 99.9 శాతం సమయం అందుబాటులో ఉండాలని ఇరువురూ వ్యాపారితో కలిసి ఒప్పుకుంటే, 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగడానికి అనుమతి ఉన్నట్టు. ఆ నిమిషాలు మిగిలి ఉన్నంతకాలం డెవలపర్లు కోరినన్ని రిలీజ్‌లు చేసుకోవచ్చు. అవి అయిపోతే మిగిలిన నెలంతా సదుపాయాలు ఆపి లోపాల మీద కూర్చోవాలి. "వద్దు" అన్న మాట మనిషి నోటినుంచి పోయి లెక్కలోకి చేరుతుంది కాబట్టి దాని మీద అలిగేవారు ఉండరు. రెండు బృందాల మెప్పుకూ అదే లెక్కను ఆధారం చేయకపోతే మాత్రం ఈ ఏర్పాటు నెల తిరగకుండానే గోడ మీద కాగితమవుతుంది.

సమస్య: డెవాప్స్ బృందం పెట్టాక గొడవ రెండింతలైంది

ఇద్దరి మధ్య మూడో బృందాన్ని కూర్చోబెడితే అప్పగింతలు ఒకటికి రెండవుతాయి. ఆ మూడో బృందం ఇద్దరికీ పరికరాలు తయారుచేసి ఇచ్చేదిగా ఉంటే మేలు, టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులూ కోరికలూ, అందుకొని అటూ ఇటూ చేరవేసేదిగా ఉంటే రద్దు చేయడమే మేలు.

సమస్య: అదే లోపం, అదే రాత్రి రెండింటికి, మళ్లీ మళ్లీ

నిద్ర లేచేవాడికి కోడ్ మార్చే అధికారం లేదు, కోడ్ మార్చగలిగినవాడికి నిద్ర చెడటం లేదు. అందుకే సర్వీసును రీస్టార్ట్ చేసి పడుకోవడం అలవాటవుతుంది, లోపం అక్కడే ఉంటుంది. ఆన్‌కాల్ వంతుల్లో, అంటే రాత్రి ఫోను వస్తే లేవవలసిన వంతుల్లో, డెవలపర్లను చేర్చండి, రాత్రి లేచినవారికి మర్నాడు ఆలస్యంగా వచ్చే వెసులుబాటు ఇవ్వండి. నెలకొక రోజు ఒక డెవలపరు గుంటూరు వెళ్లి కౌంటరు వెనక కూర్చొని, రశీదు కోసం రైతు నిలబడి ఉండగా స్క్రీన్ ఎంతసేపు తిరుగుతోందో కళ్లారా చూడాలన్న ఏర్పాటు మా దగ్గర ఏ సమావేశమూ చేయని పని చేసింది. ఆరు నెలలుగా "తక్కువ ప్రాధాన్యం" అని మూలపడి ఉన్న టికెట్‌ను, అక్కడికి వెళ్లివచ్చిన కుర్రాడు రెండు రోజుల్లో ముగించాడు.

సమస్య: సేవ ఆగిన మర్నాడు అందరూ మౌనం

"ఎవరు చేశారు?" అన్న ప్రశ్నతో విచారణ మొదలైన చోట ఎవరూ జరిగింది జరిగినట్టు చెప్పరు, సర్వరు రాసుకున్న లాగ్‌లు కూడా మాయమవుతాయి. 2017 జనవరి 31న, ఇతరుల కోడ్‌ను భద్రపరిచే సంస్థ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు ఒక సర్వరు అనుకొని మరో సర్వరులో, అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ను తుడిచివేశాడు. ఉన్న బ్యాకప్ పద్ధతుల్లో ఒకటి వెర్షన్ తేడా వల్ల చాలాకాలంగా విఫలమవుతోందనీ, ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లు ఎవరికీ చేరడం లేదనీ అప్పుడే బయటపడింది. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) ఉండటంతో, ఆ ఆరు గంటల డేటా తప్ప మిగిలినది దక్కింది. సంస్థ ఆ మనిషిని బలిపెట్టకుండా జరిగినదంతా బహిరంగంగా రాసింది. తుడిచిన చెయ్యి ఎవరిదని అడిగి ఊరుకుని ఉంటే ఆ చేరని ఈమెయిళ్ల సంగతి ఇంకొంతకాలం అలాగే ఉండేది.

మా పద్ధతి ఇది. సేవ ఆగిన రెండు రోజుల్లోగా రెండు బృందాలూ కలిసి, పేర్లు రాయకుండా, ఏ నిమిషానికి ఏమి కనిపించిందో, దాన్ని చూసినవారు ఏమనుకొని ఏమి చేశారో రాస్తాయి. దాని చివర చేయవలసిన పనులు మూడుకు మించకూడదు, ఒక్కొక్కదానికీ తేదీ ఉండాలి. బ్యాకప్ విషయంలో ఒక డెవలపరూ ఒక ఆపరేషన్స్ ఉద్యోగీ కలిసి నెలకొకసారి దాన్ని ఖాళీ సర్వరు మీదికి తిరిగి తెచ్చి, గడచిన ఏదో ఒక రోజు ఖాతాను తెరిచి, వ్యాపారి దగ్గరున్న కాగితపు రశీదులతో సరిచూస్తారు. మొదటి నెల ఆ పని మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా సాగింది, కాగితంతో కలవని రశీదులు నాలుగు దొరికాయి, నాలుగూ అర్ధరాత్రికీ 5:30కీ మధ్య కాటా వేసినవే.