పెరట్లో బాతులు – ఐదో పాఠం: పిల్లలు చచ్చిపోయాక

పోయిన పాఠంలో గూడు, గడియ, జాలీ గురించి చెప్పుకున్నాం. లెక్క ప్రకారం ఈసారి మేత గురించి చెప్పాలి. దాన్ని పక్కన పెడుతున్నాను. బాతులు పెంచే ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒక పొద్దున గంప ఎత్తి చూసేసరికి పిల్లలు కదలని రోజు వస్తుంది. ఆ రోజు చేతులతో ఏం చేయాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. మనసుతో ఏం చేయాలో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. కింద మీద పడి నేర్చుకున్నాను. అదే ఈ పాఠం.

ఒక నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి. చేయాల్సిన పనులు మూడు ఉన్నాయి. ఈ మధ్యనే పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు మూడూ ఒకే రోజు చేయొద్దు. రోజుకొకటి చాలు.

ముందు నా సంగతి చెబుతాను, పాఠమంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి.

మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఇల్లు. మా బాతులు గుడ్లు పెడతాయి గానీ పొదగవు. ఎక్కడ పెట్టినవి అక్కడే వదిలేసి పోతాయి. అందుకని పొదుగు మీదున్న కోడిపెట్ట కింద 11 బాతు గుడ్లు పెట్టాను. 28వ రోజుకి 9 పిల్లలు వచ్చాయి. పసుపు నూగు, వెడల్పాటి చిన్న ముక్కులు, పెట్ట ఎటు పోతే అటు వరస కట్టి నడక. మా వీధిలో పిల్లలందరూ బడి నుంచి ముందు మా ఇంటికి వచ్చి, తర్వాతే వాళ్ళ ఇళ్ళకి పోయేవారు.

పదో రోజున ఎండ బాగా కాస్తోంది. బట్టలు నానబెట్టే ఎర్ర టబ్బులో సగానికి నీళ్ళు పోసి పిల్లల్ని వదిలాను. పక్కింటి పిన్నిగారు గోడ మీద నుంచి చూసి, "చేపపిల్లకి ఈత నేర్పాలా అమ్మాయ్, చూడు ఎలా తిరుగుతున్నాయో" అని మురిసిపోయారు. నిజంగానే ముచ్చటగా ఈదాయి. లోపల పొయ్యి మీద పాలు ఉన్నాయి. వెళ్ళాను. ఈలోగా ఫోన్ వచ్చింది. మళ్ళీ పెరట్లోకి వచ్చేసరికి నలభై నిమిషాలు అయింది.

పెట్ట టబ్బు చుట్టూ తిరుగుతోంది. అంచు మీదకి ఎగురుతుంది, జారుతుంది, మళ్ళీ ఎగురుతుంది. టబ్బు గోడలు నున్నగా ఉన్నాయి, పిల్లలు ఎక్కి బయటికి రాలేకపోయాయి. అయిదు తలలు వాల్చేసి నీళ్ళ మీద ఉన్నాయి. నూగంతా ఒంటికి అతుక్కుపోయి, ఎత్తితే అరచేతిలో పిడికెడు తడి గుడ్డలా ఉంది ఒక్కొక్కటీ. మిగతా నాలుగింటిని పాత చీర ముక్కలో చుట్టి, బల్బు కింద పెట్టుకుని కూర్చున్నాను. వాటిలో ఒకటి రాత్రి చాలాసేపు నా వేళ్ళ సందులో ముక్కు తెరుస్తూ మూస్తూ ఉంది. తెల్లారేసరికి అదీ పోయింది. మూడు మిగిలాయి.

మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. "అమ్మా, బాతులకి ఈత వచ్చు కదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు తర్వాత దొరికింది. మొదటి వారం బాతు పిల్లకి 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. ఈకలు రాకముందు ఒంటి మీద ఉండేది నూగే, అది నీళ్ళకి ఎక్కువసేపు ఆగదు. తల్లి బాతు వెంట ఉన్న పిల్లలు కాసేపు ఈది, గట్టెక్కి, తల్లి రెక్కల కింద దూరి వెచ్చబడతాయి. మా పిల్లలకి ఎక్కడానికి గట్టూ లేదు, దూరడానికి ఆ రెక్కలూ లేవు. పెట్ట వెచ్చదనం టబ్బుకి బయట ఉండిపోయింది. పిల్లలు అలిసిపోయి, చలిపట్టి పోయాయి.

పనుల్లోకి వెళ్ళే ముందు ఒక జాగ్రత్త. మా ఇంట్లోలా కారణం కళ్ళముందు కనబడుతుంటే సరే. ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా చాలా పిల్లలు పడిపోతే ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కాలవలో పారేయొద్దు. పశువుల డాక్టరుకి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో కోళ్ళకి బర్డ్ ఫ్లూ తేలింది, మన ప్రాంతంలో ఇది ఊరికే చెప్పే మాట కాదు. నాలుగు వారాల లోపు పిల్లలు తల వెనక్కి విరుచుకుని గంటల్లో చచ్చిపోతుంటే అది కాలేయాన్ని తినే వైరస్ కూడా కావచ్చు. పాతిపెట్టడానికి డాక్టరు సరేనంటే బావికి, కాలవకి దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. రోగం కాదని తెలిస్తే ఆ గొయ్యి తీసే పనిలో ఇంటిల్లిపాదినీ కలుపుకోండి. మట్టి చేతికి అంటితే ఏడుపు వస్తుంది, రానివ్వండి.

మొదటి పని: సాక్షిలా రాయడం

ఏం జరిగిందో ఒక పేజీ రాయండి. ఊరి పెద్దల ముందు సాక్షి చెప్పినట్టు రాయాలి. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు. "నా నిర్లక్ష్యం", "నేనే చంపేశాను", "బుద్ధి లేకపోయింది" లాంటి మాటలు ఒక్కటి కూడా రాకూడదు. అవి తీర్పులు, సాక్షి తీర్పు చెప్పడు.

నేను మొదటిసారి రాసినప్పుడు మూడో వాక్యంలోనే "వాటిని గాలికి వదిలేసి ఫోన్ పట్టుకు కూర్చున్నాను" అని వచ్చేసింది. కొట్టేసి, "పదిన్నరకి లోపలికి వెళ్ళాను. పాలు దించాను. ఫోన్ మోగింది. పదకొండుంపావుకి ఐదు నిమిషాల ముందు బయటికి వచ్చాను" అని రాశాను. మా ఆడపడుచుకి నెప్పులు మొదలయ్యాయని చెప్పడానికి వచ్చిన ఫోన్ అది. పది రోజులుగా నన్ను నేను తిట్టుకుంటూ ఆ మాటే మర్చిపోయాను. తిట్టుకునేటప్పుడు మనకి అనుకూలమైన నిజాలు గుర్తుకు రావు. సాక్షిలా రాయమనేది అందుకే.

రెండో పని: రెండు గళ్ళు

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ వైపు "ఆ పూట నాకు తెలిసింది", కుడి వైపు "ఆ తర్వాత తెలిసింది" అని రాసుకోండి. మిమ్మల్ని తొలిచేస్తున్న ప్రతి మాటనీ ఈ రెండింట్లో ఒకదాంట్లో వేయాలి.

ఇది తేలిక అనిపిస్తుంది. కాదు. జరిగిపోయాక అంతా ముందే తెలిసినట్టే ఉంటుంది. బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్ష పెట్టి చూసి 1975లో ప్రచురించాడు. ఎప్పుడో 1814లో మొదలైన బ్రిటిష్–గూర్ఖా యుద్ధం గురించి కొంతమందికి చదవడానికి ఇచ్చాడు. కొందరికి ఫలానా విధంగా ముగిసిందని చెప్పాడు, కొందరికి ముగింపు చెప్పలేదు. ముగింపు విన్నవాళ్ళకి అదే జరిగి తీరుతుందన్నట్టు అనిపించింది. పైగా, ముగింపు వినడం వల్లే అలా అనిపిస్తోందని వాళ్ళు గుర్తించలేదు. మన నోట్‌బుక్కులో జరిగేదీ ఇదే. చచ్చిపోయిన పిల్లల్ని చూసిన కళ్ళతోనే ఆ ఉదయాన్ని మళ్ళీ చూస్తున్నాం.

నా కుడి గడి ఇలా నిండింది: నూగు నీళ్ళకి ఆగదు, కోడి కింద పుట్టిన పిల్లలకి ఇంకా జాగ్రత్త కావాలి, నున్నటి గోడలు పిల్లలు ఎక్కలేవు. ఇవేవీ ఆ పూట నాకు తెలియవు. మా అమ్మకీ తెలియదు, పిన్నిగారికీ తెలియదు. మాకు తెలిసిందల్లా ఆ సామెతే. బాతు అంటే నీళ్ళు, నీళ్ళంటే బాతు అనుకున్నాం.

ఇంకొకరి సంగతి చెబితే ఈ పని మీకు బాగా పట్టుబడుతుంది. మా వెనక వీధిలో ఒక కుర్రాడు పన్నెండు పిల్లలకి ప్రేమగా వేరుశనగ చెక్క నానబెట్టి పెట్టాడు. వానల్లో బస్తాలో ఒక మూల బూజు పట్టింది. పైన బాగున్నదే తీసి పెట్టాడు. వారంలో ఒక్కటీ మిగల్లేదు. డాక్టరు బూజు విషమే అయ్యుంటుందన్నారు. "వాసన చూసినా తెలిసేది కదక్కా" అని నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. తెలిసేది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి, వాటితో పాటు బాతు పిల్లలు కూడా. ఏ రోగమో తెలియక దానికి టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరు పెట్టుకున్నారు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు విడిచిన విషం అని తర్వాత తేలింది. దాన్నే ఇప్పుడు అఫ్లాటాక్సిన్ అంటున్నాం. దానికి అందరికంటే తొందరగా పడిపోయే జీవాల్లో బాతు పిల్ల ఒకటి. ప్రయోగశాలలున్న దేశంలో శాస్త్రజ్ఞులు వెతికి పట్టుకోవాల్సి వచ్చిన సంగతిని, ఇంటర్ చదివే పిల్లాడు బస్తా వాసన చూసి పట్టుకోవాలా? ఆ మాట అతని కుడి గడిలో వేయించాను. "బూజు పట్టిన మూల చూశాను" అన్నది మాత్రం ఎడమ గడిలో వేసుకున్నాడు. తనే వేసుకున్నాడు, నేను చెప్పలేదు.

మూడో పని: ఎడమ గడి

ఇక్కడ నేను ఇతరుల్లా చెప్పను. "నీ తప్పేం లేదు, వాటి ఆయుష్షు అంతే" అని చాలామంది అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు ఊరట కలగలేదు, ఎందుకంటే అది పూర్తిగా నిజం కాదని నా లోపల తెలుసు. ఎడమ గడిలో ఒక మాట ఉంది: పది రోజుల పిల్లల్ని నీళ్ళలో వదిలి, చూసేవాళ్ళు లేకుండా లోపలికి వెళ్ళాను. ఏ జాతి పిల్లలైనా నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలకూడదని నాకు ఆ పూట కూడా తెలుసు. అది నాది.

ఆ ఒక్క వాక్యం రాసుకున్న రోజున బరువు తగ్గింది. అంతకుముందు ఆరు పిల్లల చావూ, కోడి అరుపులూ, అబ్బాయి ప్రశ్నా అన్నీ కలిపి నా నెత్తిన ఉన్నాయి. ఇప్పుడు నాది ఎంతో తెలిసింది. అప్పు ఎంతో తెలిస్తే తీర్చే దారి చూసుకోవచ్చు.

కాబట్టి ఎడమ గడిలో మిగిలిన ప్రతి మాట పక్కనా బతికున్నవాటి కోసం చేసే ఒక పని రాయండి. చేత్తో చేసే పని అయ్యుండాలి. "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అని రాస్తే కొట్టేయండి. నేను ఆ ఎర్ర టబ్బు తీసేసి, పిల్ల కాళ్ళు నేలకి ఆనేంత లోతున్న మట్టి మూకుడు పెట్టాను, లోపల ఒకటి బయట ఒకటి ఇటుక వేశాను. ముక్కు, కళ్ళు కడుక్కునేంత నీళ్ళు బాతుకి కావాలి, ఈకలు వచ్చేదాకా ఈత అక్కర్లేదు. నీళ్ళు పెట్టిన పది నిమిషాలూ పీట వేసుకుని అక్కడే కూర్చున్నాను. ఆ మూడింటి ముందు కూర్చోవడం మొదట్లో కష్టంగా ఉండేది. మానలేదు.

ఉసురు మాట. మా అత్తయ్య, "మూగజీవాల ఉసురు ఊరికే పోదే" అన్నారు. మా అబ్బాయికి పరీక్షల ముందు జ్వరం వస్తే నాకు అదే గుర్తొచ్చి రాత్రంతా టెన్షన్. ఇలాంటి భయం మీకూ ఉంటే ఒకటి ఆలోచించండి. హింస పెట్టినవాళ్ళకి ఉసురు తగులుతుందంటారు. చీర ముక్కలో చుట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళు హింస పెట్టినవాళ్ళా? ఈ ప్రశ్నే అత్తయ్యని అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్ళి మిగిలిన మూడింటికి నూకలు తడిపి పెట్టారు.

"కోసుకు తినేవాటికి ఏడుపేంటి" అనేవాళ్ళు కూడా ఉంటారు. పదిమంది ముందు ఏడవడానికి వీల్లేని దుఃఖం ఇది. దీనికి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లోనే ఒక పేరు పెట్టి రాశాడు, లోకం హక్కు ఇవ్వని దుఃఖం అని దాని అర్థం. గర్భం పోయినవాళ్ళు, పెంపుడు జీవాలు పోయినవాళ్ళు ఇలాంటి దుఃఖంలోనే ఉంటారు. వాదించకండి. అర్థం చేసుకునే ఒక్క మనిషిని ఎంచుకుని, మీ సాక్షి పేజీ ఆ మనిషికి చదివి వినిపించండి. నేను పిన్నిగారికి వినిపించాను. ఆ సామెత దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడా పది రోజులుగా నిద్రపోలేదట, నాకు చెప్పలేదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే నిజం చెప్పండి. "ఎగిరిపోయాయి", "నిద్రపోతున్నాయి" అనొద్దు. వాళ్ళు ఎదురుచూస్తారు, లేదా నిద్రంటే భయపడతారు. "చచ్చిపోయాయి, ఇక రావు, నువ్వు చేసింది ఏమీ లేదు" అని మూడూ చెప్పాలి. మూడోది తప్పకుండా. మా వాడు ముందురోజు ఒక పిల్లని గట్టిగా పట్టుకున్నాడట, అందుకే పోయిందనుకుని వారం రోజులు మనసులో పెట్టుకున్నాడు.

రాత్రిళ్ళు ఆ దృశ్యం మళ్ళీ మళ్ళీ వస్తుంటే, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఒక అరగంట దానికి కేటాయించండి. పెరట్లో కూర్చుని ఏడవండి, నోట్‌బుక్ తిరగేయండి. రాత్రి వచ్చినప్పుడు "రేపు సాయంత్రం" అని చెప్పి పక్కకి తిరిగి పడుకోండి. మొదటి రెండు మూడు రోజులు వినదు. నాకు నాలుగో రోజు నుంచి విన్నది. రెండు మూడు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే, బతకాలని లేదన్న ఆలోచన వస్తే, ఈ పాఠం సరిపోదు. ఆ ఆలోచన వస్తే వారాలు ఆగకండి, ఆ రోజే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాతు పిల్లల గురించి అని చెప్పడానికి మొహమాటపడకండి.

వచ్చే పాఠానికి: సాక్షి పేజీ, రెండు గళ్ళు, ఎడమ గడి పక్కన కనీసం ఒక పని రాసి ఉంచండి. ఆ పని ఏ రోజు చేశారో తేదీ వేయండి. కొత్త పిల్లల్ని మాత్రం అప్పుడే కొనొద్దు, సంతలో ఎంత ముద్దుగా కనబడినా. వాటిని ఎప్పుడు తేవాలో, మిగిలినవాటితో ఎలా కలపాలో ఆరో పాఠంలో చూద్దాం. ఒకే ఒక్క పిల్ల మిగిలి ఉంటే మాత్రం ఆరో పాఠం కోసం ఆగొద్దు. ఒంటరి బాతు పిల్ల తోడు లేకుండా సరిగ్గా మేత ముట్టకపోవచ్చు, తోడు కోసం పిలుస్తూనే ఉంటుంది. కారణం తేలి, రోగం కాదని తెలిస్తే, అదే వయసు పిల్లని ఒకదాన్ని ఈ వారమే తెచ్చి దానికి జత చేయండి.