సైనికుడి పతకాలు, ఉత్తరాలు పాడవకుండా దాచడం

ముందుగా, పతకాలను తోమకండి. పాలిష్‌తో రుద్దేకొద్దీ ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మ అరిగిపోతుంది. చాలా పతకాల అంచున సైనికుడి సర్వీసు నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. రికార్డులు వెతికేవాళ్లు మొదట అడిగేది ఆ నంబరే. భూతద్దం పెట్టి చూసి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. రిబ్బను తడిపితే రంగు దిగుతుంది.

పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన కవర్లు వద్దు. అవి పాతబడేకొద్దీ ఆమ్లం వదులుతాయి, రాగి, కంచు మీద పచ్చటి కిలుము పడుతుంది. ఆమ్లం లేని కాగితంలో, ఒకదానికొకటి తగలకుండా చుట్టండి.

ఉత్తరాల మడతలు విప్పి పరచండి, మడత దగ్గరే కాగితం తెగుతుంది. తుప్పు పట్టే పిన్నులు తీసేయండి. చిరిగినచోట సెలోటేపు అంటించొద్దు. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ విడదీయలేం. చిన్న ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపుకు తేలుతుంది.

ఆ సైనికుడు బతికి ఉండగానే ఆయనకు ఫొటోలు చూపిస్తూ మాటలు రికార్డు చేయండి. "యుద్ధం ఎలా ఉండేది?" అంటే చాలామంది మౌనంగా ఉండిపోతారు. "ఈ పక్కనున్నది ఎవరు? అక్కడ ఏం తినేవాళ్లు?" అని అడగండి. ఇంటిని నెట్టుకొచ్చిన భార్యను మాత్రం విడిగా కూర్చోబెట్టి అడగాలి, ఆమెవీ అంతే ముఖ్యమైన జ్ఞాపకాలు.