రాత్రి ముహూర్తం పెళ్లి ఫొటోలకు ముందు ఐఎస్ఓ జాగ్రత్తలు

• ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) పెరగకూడదన్న పట్టుదలతో షట్టర్ వేగం (ఫొటోకు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది) తగ్గించకండి. 1/30 సెకను దగ్గర తలంబ్రాలు పోసే చేతులు అలికినట్టు వస్తాయి, ఆ మసకను తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం. ఐఎస్ఓ 3200 దగ్గర వచ్చే గరుకుదనం (ఫొటో అంతా సన్నటి చుక్కలు) ఆల్బమ్ సైజులో చాలామంది కంటికి ఆననే ఆనదు. ఐఎస్ఓ 1600ను 3200 చేస్తే అదే వెలుతురులో 1/60 బదులు 1/125 షట్టర్ వేగం దొరుకుతుంది.

• ఆటో ఐఎస్ఓకు (కెమెరాయే ఐఎస్ఓ ఎంచుకునే పద్ధతికి) గరిష్ఠ పరిమితి ఒక్కటే చాలదు, కనీస షట్టర్ వేగమూ పెట్టండి. లేకుంటే కెమెరా తనకు తోచిన వేగం తీసుకుంటుంది.

• హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. చీకట్లో కెమెరా తెర అన్నిటినీ వెలుగ్గానే చూపిస్తుంది. చీకటిగా తీసిన ఫొటోకు తర్వాత వెలుతురు పెంచితే నీడల్లో గరుకు పైకి తేలుతుంది. అలాగని మధుపర్కాల నేత కనిపించనంత తెల్లగానూ తీయకండి.

• మండపం ఎల్‌ఈడీల కింద ఒక ఫొటో తీసి చూడండి. చారలు పడితే 1/100 షట్టర్ వేగం ప్రయత్నించండి.

• తెల్లవారాక, అప్పగింతలకు ముందే ఐఎస్ఓను 100, 200లకు దించండి. ఎండలో 3200 అనవసరపు గరుకు, పైగా ఫొటోలో ముఖాలు మరీ తెల్లగా వచ్చేస్తాయి.